ప్రసాదం వద్దంటే ఛాందసమేనా? ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి మీద పడుతోంది

క్లుప్తంగా: మతఛాందసం అనే మాట ఇప్పుడు భక్తి ఎక్కువున్నవాళ్ళ మీదా, ఆచారం పాటించేవాళ్ళ మీదా, గొడవలు చేసేవాళ్ళ మీదా ఒకేలా పడిపోతోంది. దానికి మూలమైన ఇంగ్లీషు మాట ‘ఫండమెంటలిస్ట్’ 1920లో అమెరికాలో కొందరు క్రైస్తవులు గర్వంగా పెట్టుకున్న పేరు. ఒక మనిషి గ్రంథాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడు, బయటివాళ్ళకీ తనకీ మధ్య గోడ ఎంత ఎత్తు కట్టాడు, తన రూలు ఎదుటివాడు కూడా పాటించి తీరాలంటున్నాడా, ఇవి వేర్వేరు సంగతులు. మూడూ కలిపేస్తే ఎవరి గురించి మాట్లాడుతున్నామో మనకే తెలీదు.

గోడ మీద ప్రసాదం

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు ఏ వీధిలోనైనా కనిపించే సంగతే ఇది. పక్కింటావిడ అన్నవరం వెళ్ళొచ్చింది, విస్తరాకులో కట్టిన గోధుమనూక ప్రసాదం ఇంకా కాస్త నెయ్యి ఓడుతూనే ఉంది, ప్రహరీగోడ మీదుగా ఇచ్చింది. ఇవతలి ఇంట్లో వాళ్ళు సంఘానికి (చర్చికి) వెళ్ళేవాళ్ళు, ‘ఏం అనుకోకండి వదినగారూ, మేం విగ్రహార్పితం తినమండి’ అంటారు. ఆవిడ మొహం చిన్నబోతుంది. సాయంత్రానికి మాట వీధి చివరికి వెళ్తుంది, ఆ తర్వాత ఎవరో ఒకళ్ళ ఫోన్లో ‘వీళ్ళు మతఛాందసులైపోయారు’ అని టైపవుతుంది.

ఇక్కడ రెండు వైపులా నిజమే ఉంది. ఇచ్చినావిడకి అది మర్యాద, ప్రేమ, కాదంటే అవమానం. వద్దన్నావిడకి అది మనస్సాక్షి, తింటే తప్పు చేసినట్టు. ఇంకో చిక్కు ఏంటంటే బైబిల్లోనే దీని గురించి రెండు రకాలుగా ఉంది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో విగ్రహాలకి అర్పించినవి వదిలేయమని ఉంది, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో పౌలు భోజనం వల్ల దేవుడికి దగ్గరైపోం, ఎవరైనా భోజనానికి పిలిస్తే వడ్డించింది అడక్కుండా తినండి, కానీ ‘ఇది అర్పించింది’ అని ఎవరైనా చెప్తే మాత్రం ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినొద్దు అంటాడు. అంటే ఒకే పుస్తకం చదివే ఇద్దరు విశ్వాసులు ఒకళ్ళు తినొచ్చు, ఒకళ్ళు మానొచ్చు, ఇద్దరూ వాక్యమే చూపిస్తారు. ఏ వాక్యం పైకి తీసి గుమ్మానికి కట్టుకున్నారన్నదే తేడా, ఛాందసం అనే దాని పనితీరు మొత్తం ఈ ఏరుకోవడంలోనే ఉంది.

మాట పుట్టింది తిట్టుగా కాదు

1910 నుంచి 1915 వరకూ అమెరికాలో ‘ద ఫండమెంటల్స్’ అని 12 సంపుటాలు, మొత్తం 90 వ్యాసాలు అచ్చేశారు. డబ్బు పెట్టింది లైమన్ స్టూవర్ట్ అనే ఆయిల్ కంపెనీ యజమానీ ఆయన అన్నా. పాస్టర్లకీ మిషనరీలకీ సండే స్కూల్ టీచర్లకీ ఉచితంగా పంచారు, దాదాపు 30 లక్షల ప్రతులు. అప్పటికి జర్మనీ పండితులు బైబిల్‌ని మిగతా పాత పుస్తకాల్లాగే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని విడదీసి చూడ్డం మొదలెట్టి చాలా కాలమైంది, డార్విన్ పుస్తకం 1859లోనే వచ్చేసింది, సెమినరీల్లో చదువుకొచ్చిన కుర్ర పాస్టర్లు అద్భుతాలన్నీ అక్షరాలా జరగక్కర్లేదు అంటున్నారు. బెంచీ మీద కూర్చున్న మామూలు విశ్వాసికి కాళ్ళ కింద నేల కదిలినట్టైంది. అందుకే ‘మిగతావాటి మీద వాదించుకుందాం గానీ ఇవి మాత్రం వదలం’ అని కొన్ని పునాదులు గీశారు. 1910లో ప్రెస్బిటేరియన్లు అలా అయిదు లెక్కపెట్టారు: లేఖనంలో తప్పు లేదు, యేసు కన్యకకి పుట్టాడు, మన పాపాలకి బదులుగా చనిపోయాడు, శరీరంతో లేచాడు, అద్భుతాలు నిజంగా జరిగాయి. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు ఎడిటర్ ఈ పునాదుల కోసం పోరాడ్డానికి సిద్ధమైనవాళ్ళని ఫండమెంటలిస్టులు అందాం అని రాశాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు.

ఇప్పుడు మన కుర్రాళ్ళు ప్రొఫైల్లో ‘కట్టర్’ (పట్టు విడవనివాడు) అని రాసుకుంటారు చూడండి, దాదాపు అదే. హిందీలో కట్టర్ అంటే విమర్శగా వాడేవాళ్ళు ఉన్నారు, ఇక్కడ అది బిరుదులా పెట్టుకుంటున్నారు. లేబుల్ ఎవరు అతికించారన్నదాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది.

ఫండమెంటలిస్ట్ అన్న పేరు తిట్టుగా మారింది 1925 జులైలో, టెనెస్సీ రాష్ట్రంలో డేటన్ అనే చిన్న ఊళ్ళో. పరిణామవాదం బళ్ళో చెప్పకూడదని అక్కడ చట్టం, చెప్పాడని జాన్ స్కోప్స్ అనే టీచర్ మీద కేసు. ప్రాసిక్యూషన్ వైపు విలియం జెన్నింగ్స్ బ్రయాన్, డిఫెన్స్ వైపు క్లారెన్స్ డారో, రేడియోలో లైవ్. కోర్టులో స్కోప్స్‌కి 100 డాలర్ల జరిమానా పడింది, 1927లో టెక్నికల్ కారణంతో అది కొట్టేశారు, చట్టం మాత్రం 1967 దాకా ఉంది. కానీ సిటీ పేపర్లలో ఓడిపోయింది బ్రయానే, ఆయన వైపువాళ్ళంతా చదువురాని పల్లెటూరి మొద్దులన్న బొమ్మ అక్కడే స్థిరపడింది. ఆ బ్రయాన్ మూడుసార్లు ప్రెసిడెంట్ పదవికి పోటీ చేసి, రైతుల అప్పుల గురించీ ఆడవాళ్ళ ఓటు హక్కు గురించీ పోరాడిన మనిషి. కోతి నుంచి మనిషి వచ్చాడంటే ఆయన భయపడింది ఒక్క బైబిల్ కోసమే కాదు, బలమున్నవాడిదే రాజ్యం అనే వాదానికి అది దారి తీస్తుందని కూడా. లేబుల్ అతికిస్తే ఇవన్నీ దాని కింద కప్పబడిపోతాయి.

తర్వాత యాభై ఏళ్ళకి పైగా ఆ మాట ఎక్కువగా అమెరికా క్రైస్తవుల గొడవగానే ఉండిపోయింది. 1979లో ఇరాన్ విప్లవం వచ్చాక పేపర్లకి ఒక మాట కావాల్సొచ్చింది, ఇదే తీసి ఇస్లాంకి అంటించారు. అక్కణ్ణుంచి యూదులకీ సిక్కులకీ హిందువులకీ బౌద్ధులకీ వెళ్ళింది. 1987లో మార్టిన్ మార్టీ, స్కాట్ ఆపిల్‌బీ అనే ఇద్దరు పండితులు దీని మీద పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టి అయిదు లావుపాటి సంపుటాలు తెచ్చారు, ఆ పుస్తకాల్లోనే ఈ మాట అన్ని మతాలకీ సరిపోతుందా అన్న అనుమానం కూడా ఉంది.

మన ఛాందసుడు అసలు ఎవరు

తెలుగులో ఇంకా విచిత్రం జరిగింది. ఛందస్సు అంటే పద్యాల లెక్కే కాదు, వేదం అని కూడా అర్థం. ఛాందసుడు అంటే వేదం చదువుకున్నవాడు, అంతే. కోనసీమ అగ్రహారాల్లో చిన్నప్పట్నుంచీ వేదం వల్లెవేసి ఘనాపాఠీ అయిన పెద్దమనిషి అక్షరాలా ఛాందసుడు. ఆ మాటే జనం నోట్లో నలిగి నలిగి చాదస్తం అయింది, ‘మా అత్తగారికి చాదస్తం ఎక్కువ’ అంటే గేటుకి తాళం వేశామా లేదా అని మూడుసార్లు చూసుకునే ఆవిడ. అమెరికాలో ఫండమెంటలిస్ట్ గౌరవం నుంచి తిట్టుకి దిగినట్టే ఇక్కడ ఛాందసుడు ఎప్పుడో దిగిపోయాడు, అదీ ఇంగ్లీషుతో సంబంధం లేకుండానే.

అందుకే ఫండమెంటలిజం అన్న మాట తెలుగు పేపర్లలోకి వచ్చినప్పుడు దానికి మతఛాందసం అని పెట్టుకోవడంతో ఒక పొరపాటు లోపలికి వచ్చేసింది. చాదస్తం అన్న వాసన అంటుకుని, మడి కట్టుకునే మామ్మగారూ, బుర్ఖా వేసుకునే కాలేజీ అమ్మాయీ, బొట్టు తీసేసిన విశ్వాసీ అందరూ ఒకే గంపలో పడ్డారు. మౌలికవాదం అని ఇంకో మాట ఉంది, అర్థానికి అదే దగ్గర, కానీ వ్యాసాల్లో తప్ప రచ్చబండ దగ్గర వినపడదు. మతోన్మాదం అంటే ఆవేశం, దాడి. మతతత్వం అంటే మతాన్ని జట్టుగా చేసి రాజకీయం నడపడం. నాలుగూ నాలుగు పనులు చేసే మాటలు.

మామ్మగారి సంగతే తీసుకోండి. ఆవిడ మడి ఆవిడ అమ్మమ్మ దగ్గర చూసి నేర్చుకుంది, ఏ పుస్తకమూ చూపించదు, ఎందుకమ్మా అంటే ‘మా ఇళ్ళల్లో అంతే’ అంటుంది. అది సంప్రదాయం (ఆ మడిలో ఎవరిని గుమ్మం బయట నిలబెట్టేవాళ్ళో అది వేరే లెక్క, చిన్న లెక్క కాదు). మౌలికవాది ‘మా ఇళ్ళల్లో అంతే’ అనడు. పుస్తకం తీసి పేజీ చూపిస్తాడు, మీ ఇళ్ళల్లో చేసేది కూడా తప్పే అంటాడు. ఆచారం మీద మొదటి దెబ్బ చాలాసార్లు నాస్తికుడి కంటే ముందు ఇతని దగ్గర్నుంచే పడుతుంది.

పాయలన్నీ మూసి ఒక్క పాయ

పీర్ల పండగే చూస్తే తెలుస్తుంది. డెల్టాలో చాలా ఊళ్ళల్లో పీర్లు లేస్తే హిందువులు నీళ్ళు పోస్తారు, మొక్కుకుంటారు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడితో పాటు దర్గా కూడా ఉంది, అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. ఇది శతాబ్దాలు పారి పారి ఏర్పడ్డ పద్ధతి, గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని చీలినట్టు నమ్మకం కూడా ఊరిని బట్టి చీలుతుంది. సంస్కర్త వచ్చి పైకి, మూలం దగ్గరికి వెళ్దాం అంటాడు, అక్కడి నీళ్ళే శుద్ధం అంటాడు. 1866లో మొదలైన దేవబంద్ మదర్సా, 1920ల్లో మేవాత్‌లో పుట్టిన తబ్లీగ్ జమాత్ ఈ ధోరణివే: పీర్లు, సమాధుల దగ్గర మొక్కులు గ్రంథంలో లేవు, నమాజు సరిగ్గా చెయ్యి, అది చాలు అంటాయి. 1875లో ఆర్యసమాజం పెట్టిన దయానంద సరస్వతి కూడా పురాణాలూ విగ్రహాలూ వద్దు, వేదాలకే వెళ్దాం అన్నాడు. గౌరీపట్నం నిర్మలగిరి కొండెక్కి మేరీమాతకి మొక్కు చెల్లించే కేథలిక్కుని చూసి నరసాపురం వైపు సంఘస్తుడు ‘ఇది వాక్యంలో ఎక్కడుంది’ అని అడిగే ప్రశ్న కూడా ఇదే.

పండితులు మౌలికవాదం పనితీరు ఇలా చెప్తారు. మొదట ఒక బెదురు, మన పిల్లలు మనలా ఉండరేమో అని. తర్వాత సముద్రమంత సంప్రదాయంలోంచి గుర్తుపట్టడానికి తేలికైనవి కొన్ని ఏరడం. ఆ ఏరినవాటినే పరీక్ష చేసి లోపలివాడు ఎవరు, బయటివాడు ఎవరు అని తేల్చడం. పాతది అని చెప్పేది చాలాసార్లు కొత్తదే అవుతుంది: ఇరాన్‌లో మతగురువే దేశాన్ని ఏలాలన్న సిద్ధాంతాన్ని ఖొమేనీ 1970లో నజఫ్‌లో ఉపన్యాసాలుగా చెప్పాడు, ఆయన ప్రసంగాలు కేసెట్లలో దేశంలోకి వెళ్ళాయి, షియా పెద్దల్లోనే చాలామంది అది తమ సంప్రదాయం కాదన్నారు. మౌలికవాదులు టెక్నాలజీకి భయపడతారనుకోవడం తప్పు. అచ్చు, రేడియో, కేసెట్, యూట్యూబ్, వచ్చింది వచ్చినట్టు వాళ్ళే ముందు అందుకున్నారు.

ఆ తర్వాత దారులు చీలతాయి, అసలు చూడాల్సింది ఇక్కడ. కొందరు లోకానికి దూరంగా తమ పేటలో తాము బతుకుతారు, ఇజ్రాయెల్‌లో హరేదీలనే కఠిన నిష్ఠ యూదులు చాలావరకు అలాగే. కొందరు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్తారు. కొందరు పోలీసునీ చట్టాన్నీ చేతిలోకి తీసుకోవాలనుకుంటారు. నమ్మకం గట్టిదనం ముగ్గురిలోనూ ఒకటే ఉండొచ్చు, పక్కింటివాడి మీద పడే బరువు మాత్రం ఒకటి కాదు.

నరసాపురానికీ ఆ మాటకీ ఉన్న పాత చుట్టరికం

ఇది చాలామందికి తెలియని సంగతి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతం నుంచి బౌడెన్, బీర్ అనే రెండు జంటలు బయల్దేరి వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టాయి, గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. అప్పటికి ఆనకట్ట లేదు, కాటన్ పని మొదలైంది 1847లో. వీళ్ళు బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు శాఖవాళ్ళు. ఆదివారం రొట్టె విరవడం, ఆడవాళ్ళు ముసుగు వేసుకోవడం, ప్రతిదానికీ లేఖనం చూపించడం ఇక్కడ అంతకాలంగా ఉన్నవే.

ఇదే బ్రదరెన్‌లో జాన్ నెల్సన్ డార్బీ అనే ఆయన ఉన్నాడు, అంత్యదినాల గురించి ఆయన చేసిన బోధ అమెరికా వెళ్ళి, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ద్వారా పాకి, ఫండమెంటలిస్టు ఉద్యమానికి ఒక వేరు అయింది. అంటే ఆ వేరు నుంచి లేచిన ఒక కొమ్మ మన వశిష్ఠ ఒడ్డున ఆ పేరు పుట్టడానికి 80 ఏళ్ళ ముందే నాటుకుంది. అంతకంటే ముఖ్యం, 1836 మార్చిలో గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మనందర్నీ కలిపేది క్రీస్తులో ఉన్న జీవం, సిద్ధాంతంలో ప్రతి ముక్కా కుదిరితేనే సహవాసం అంటే తప్పు దారిలో పోతున్నావు అని దాని సారం. డార్బీ వినలేదు, 1848కల్లా బ్రదరెన్ రెండుగా విడిపోయారు. ఇద్దరూ బైబిల్‌ని ఒకేలా నమ్మినవాళ్ళే, లేఖనం విషయంలో ఇద్దరిలో ఎవరూ మెత్తబడలేదు. గోడ ఎక్కడ కట్టాలన్న దగ్గరే విడిపోయారు.

శాస్త్రం పట్టుకుని శాస్త్రాన్ని ఎదిరించిన రాజమండ్రి

గ్రంథం చూపించేవాడల్లా వెనక్కి లాగేవాడని అనుకోకుండా ఉండడానికి కందుకూరి వీరేశలింగం ఒక్కడు చాలు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాడు, 1879లో వితంతు వివాహం మీద ఉపన్యాసాలిచ్చాడు, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాడు. ఎదురొచ్చిన పండితులు శాస్త్రం చూపించారు. ఆయనా శాస్త్రమే చూపించాడు. అంతకుముందు బెంగాల్లో విద్యాసాగర్ ఇలాగే పరాశర స్మృతిలోంచి భర్త కనపడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా ఆడదానికి మరో భర్తని అనుమతించే శ్లోకం పైకి తీశాడు, 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. వీరేశలింగం పక్షానికి వెలి పడింది, వంటకీ నీళ్ళకీ మనుషులు రాని రోజులు చూశారు. ఆ వెలి గురించి ఆలోచిస్తే తెలుస్తుంది, రెండు పక్షాలూ పుస్తకమే పట్టుకున్నాయి గానీ ఒక పక్షం ఇంకొకరి ఇంటికి నీళ్ళు ఆపింది.

లేబుల్ ఎలా వాడుతున్నారు

మనకంటే ఒక మడి ఎక్కువ కట్టేవాడు ఛాందసుడు, మనకంటే ఒక మడి తక్కువ కట్టేవాడు భ్రష్టుడు, జనం కొలత ఇలాగే ఉంటుంది. అంటే కొలబద్ద మనమే. దీంతో పాటు ఎదుటి మతంలో చిన్న కఠినత్వం కూడా ఛాందసంగా కనిపిస్తుంది, సొంత మతంలో పెద్దది కూడా నిష్ఠలా కనిపిస్తుంది.

అసలు మతం లేని గొడవ మీద కూడా ఈ మాట పడుతోంది. 2022 మే 24న అమలాపురం తగలబడింది కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద, అందులో ఏ గ్రంథమూ లేదు, ఉన్నది కులం. 2020 సెప్టెంబర్‌లో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది, ఆవేదన నిజం, ఆ ఊరివాళ్ళకి అది ఉత్త కర్ర కాదు. కానీ ఎవరు చేశారో తేలకముందే ఏదో ఒక మతాన్ని మొత్తంగా ఛాందసులనడం మొదలైతే అది విచారణకి ఏ రకంగానూ పనికిరాదు. ప్రభుత్వం కేసు సీబీఐకి ఇవ్వాలని నిర్ణయించింది, కొత్త రథం 2021 ఫిబ్రవరికి సిద్ధమైంది.

హిందుత్వాన్ని ఏమనాలన్న దాని మీద పండితుల్లోనే వాదం ఉంది. 1923లో సావర్కర్ ఇచ్చిన నిర్వచనం పుస్తకం మీద నిలబడదు, పితృభూమి, పుణ్యభూమి అని నేల మీద నిలబడుతుంది, పైగా ఆయన ఆవుని దేవతగా కాక ఉపయోగపడే జంతువుగా చూడాలని రాసిన మనిషి. కాబట్టి దాన్ని ఛాందసం కంటే జాతీయవాదం అనడమే సరిగ్గా ఉంటుంది. ఆ మాట వాడినంత మాత్రాన మెచ్చుకున్నట్టూ కాదు, తిట్టినట్టూ కాదు, దేన్ని చూస్తున్నామో చెప్పినట్టు.

చట్టం ఏం చూస్తుంది

ఇండియాలో ఛాందసంగా ఉండడం నేరమని ఏ సెక్షనూ లేదు. రాజ్యాంగం 25వ అధికరణం నమ్మడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చేసుకోడానికీ హక్కిస్తుంది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం దాటకుండా. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 153ఏ, కావాలని మత భావాలు గాయపరిస్తే పాత 295ఏ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 196, 299. చూసేది చేసిన పనినీ అన్న మాటనీ, ఉద్దేశాన్నీ.

1986లో కేరళ నుంచి బిజో ఇమాన్యుయేల్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబంలో ముగ్గురు పిల్లలు, బళ్ళో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు కానీ పాడేవాళ్ళు కాదు, మా విశ్వాసం ఒప్పుకోదు అన్నారు, బళ్ళోంచి పంపేశారు. ఆ నమ్మకం చాలామందికి వింతగా, ఛాందసంగానే అనిపిస్తుంది. కోర్టు పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది, నిలబడి గౌరవించారు, ఎవర్నీ ఆపలేదు, ఎవరికీ అడ్డు రాలేదు.

ముందు ముందు

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్ల దగ్గర కరపత్రాలు పంచేవాళ్ళు ఉంటారు, వాళ్ళని ఆపేవాళ్ళు ఉంటారు, రెండూ వీడియోలవుతాయి, అరనిమిషం వీడియోలో నమ్మకం ఎంతుందో కనపడదు, అరిచిన గొంతే వినపడుతుంది. దాని వల్ల జరిగేది ఏంటంటే మెత్తగా ఉన్నవాళ్ళు కూడా లేబుల్ పడ్డాక గట్టిపడతారు. డేటన్ తర్వాత అమెరికాలో జరిగింది ఇదే, ఎగతాళి పాలైనవాళ్ళు సొంత కాలేజీలు, సొంత రేడియోలు కట్టుకుని లోపలికి వెళ్ళిపోయి, 1979లో మోరల్ మెజారిటీ పేరుతో నేరుగా రాజకీయాల్లోకి తిరిగొచ్చారు.

గోడ దగ్గర మాత్రం ఇంకో పద్ధతి నడుస్తోంది. కొన్ని ఇళ్ళల్లో వినాయకచవితికి ఉండ్రాళ్ళు, బూరెలు దింపగానే నైవేద్యం పెట్టకముందే ఓ గిన్నెలోకి తీసి పక్కన పెడతారు, ‘ఇవి దేవుడి దగ్గర పెట్టలేదు వదినా, పిల్లలకి పెట్టు’ అని ఇస్తారు. అవతలివాళ్ళు తీసుకుంటారు. డిసెంబర్ వచ్చేసరికి అటునుంచి ఇటు కేకు వస్తుంది, గుడ్డు వెయ్యకుండా చేయించింది.